మూత వేస్తేనే కనిపించే అతుకు

హలో… ఆ, నేనే. నేనేరా నోరిస్, క్లెమెంట్‌ని. పెట్టెయ్యకు! ముందు నేను చెప్పేది విను, ఆ తర్వాత నీ ఇష్టం…

అవును. రెండేళ్ళయింది. తెలుసు…

లేదు లేదు, ఎవరూ పోలేదు. మా డోరతీ బాగానే ఉంది. చర్చిలో పాటల సాధనకి వెళ్ళింది. ఫోన్ సంచిలో పడేసినట్టుంది, ఎత్తడం లేదు. అందుకే నీకు… అంటే, అదొక్కందుకే కాదులే…

నువ్వు ఇంట్లోనే ఉన్నావా?… మంచిది. ఒకసారి పాత విమానం షెడ్డు దాకా రాగలవా?… తాళం అక్కర్లేదు, తలుపు తీసే ఉంది. మనిషి కావాలి, అంతే…

ఎందుకంటే… నేను ఇరుక్కుపోయాను.

షెడ్డులో కాదురా. విమానంలో.

…

నవ్వు. నవ్వుకో. అయ్యాక చెప్పు.

అయిందా?… ఇంకా లేదా. సరే.

అదే, మన జర్మన్ యుద్ధవిమానం, మెసర్‌ష్మిట్టే. ఇంకేముంది ఇక్కడ, ఆ తుప్పు ట్రాక్టరు తప్ప… ఆ, ఆ, స్పెయిన్‌లో కట్టినది, లోపల ఉన్నది మన మెర్లిన్ ఇంజినే, జర్మనీ దాని మొహం కూడా చూడలేదు. నాకు తెలీదా? ఇప్పుడా పాఠం?…

అద్దాల మూత పడింది… పడలేదు, నేనే వేసుకున్నాను. తీద్దామంటే లోపలి పిడి ఊడి చేతికొచ్చింది. ఇదిగో, ఒళ్ళోనే ఉంది. బయటి పిడి బాగానే ఉంది. ఒక్కరొచ్చి తిప్పితే చాలు…

గాలా? ఆడుతోంది, కింద సందులున్నాయి. కానీ ఇది మనుషుల కోసం కట్టింది కాదురా. భుజాలు రెండూ రేకుకి ఆనుకున్నాయి. ఎడమ మోచెయ్యి ఎత్తలేను. ఎడమ కాలు ఉందో లేదో తెలియడం లేదు…

పొట్ట సంగతి ఇప్పుడెందుకు?… డోరతీ కాల్చే ఆపిల్ పైలు నువ్వు మాత్రం తక్కువ తిన్నావా?

ఫైర్ ఇంజిన్ వాళ్ళనా? వద్దు! వాళ్ళు గొడ్డలి పట్టుకునే వస్తారు. ఈ అద్దం పగిలితే మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? రేపు ఆరాధన కాగానే పాపం ఆ ముసలావిడ మురియెల్ గారిని ఈ విమానం దగ్గరికి తీసుకొస్తున్నాం. పాస్టరు గారు అందరి ముందూ చెప్పేశారు కూడా…

ఆ, బయల్దేరావా? సంతోషం… రన్‌వే మీదుగానే రా, గొర్రెలు తోలేశారు… లేదు, పెట్టెయ్యకు. మాట్లాడుతూ రా. ఇక్కడ వాన చుక్కలు రేకు మీద పడుతుంటే… ఊరికే, మాట్లాడుతూ రా.

ఏంటా కీచుమనే చప్పుడు?… ఒంటి చక్రం బండా? అదెందుకు?… నన్ను అందులో వేసుకుని పోతావా? అంత బరువైపోలేదులే నేను.

…

ప్రార్థనా? చేసుకున్నాను. చేసుకోకుండా ఉంటానా? ఈ మూత తెరువు ప్రభువా, అన్నాను. మూత తెరుచుకోలేదు. నీ నంబరు గుర్తొచ్చింది. ఆయన జవాబులు ఇలా ఎందుకుంటాయో నాకు ఎప్పటికీ అర్థం కాదు… తప్పుగా అనడం లేదు. అడుగుతున్నాను. అడిగితే కోప్పడే దేవుడు కాదులే ఆయన.

నువ్వు నయం, పకపకా నవ్వుతావు. ప్రతి ఆదివారం పాస్టరు గారు "ఒకరికొకరు చేతులు కలిపి శాంతి సమాధానాలు చెప్పుకోండి" అన్నప్పుడు నేనేం చేసేవాణ్ణో తెలుసా? స్తంభం వైపు తిరిగేవాణ్ణి. నువ్వేమో ఆర్గన్ వాయించే ఆవిడ చెయ్యి పట్టుకుని వదిలేవాడివి కాదు. పాపం ఆవిడ తర్వాతి పాట ఎత్తుకోలేక…

చూశాను. చూడకుండా ఎలా ఉంటాను?

…ఎందుకు ఎక్కానంటే… ఊరికే. తుడుద్దామని. రేపు మురియెల్ గారు వస్తారని…

మూతా? మూత… గాలికి…

గాలి లేదు, సరే. షెడ్డులో గాలెక్కడిది. ఒప్పుకున్నాను.

అతుకు చూద్దామని ఎక్కాను. చాలా?

అవును, నువ్వు చెప్పిన అతుకే. మూత చట్రానికి కుడివైపు, వెనక. అడ్డంగా రేకు ముక్క, అయిదు మరమేకులు. ఆ యుద్ధం సినిమాలో మురియెల్ గారి భర్త హ్యూబర్ట్ చెయ్యి పైకి లేపినప్పుడు దాని వెనకాల కనిపిస్తుంది అన్నావుగా… మూత తీసి ఉంటే అటు పక్కకి వేలాడుతుంది, ఆ కోణం రాదు. మూసుకుని, అతను కూర్చున్నట్టే కూర్చుని, భుజం మీదుగా వెనక్కి చూస్తేనే తెలుస్తుంది. అందుకని మూశాను.

…

ఉందా అంటే… ఇక్కడ చీకటిగా ఉందిరా.

ఫోన్‌కి లైటుంటే మాత్రం? ఫోన్ చెవి దగ్గరుంటే లైటు మెడ వెనక్కి ఎలా పోతుంది?

…నోరిస్, ఏదో ఒకటి తిట్టు.

…

లేదు.

అతుకు లేదురా. నీకు ఫోన్ చెయ్యక ముందే లైటు వేసి చూశాను. తడిమాను. చట్రం నున్నగా ఉంది, నిన్న కట్టినట్టు. ఒక్క బొక్క లేదు.

నువ్వన్నదే నిజం. ఇది ఆ విమానం కాదు.

…ఏంటి, ఇప్పుడు నవ్వవేం?

రంగు చూసి మోసపోయాను. ఆ రోజే అన్నావు నువ్వు, సినిమా వాళ్ళు పొద్దున ఒక నంబరు వేసేవాళ్ళు, మధ్యాహ్నం దాన్నే చెరిపి ఇంకో నంబరు వేసేవాళ్ళు, ఉన్న పది విమానాల్నీ యాభై చేసి చూపించేవాళ్ళు, రంగుని కాదురా రేకుని చూడు అని. నేను ఈ తోక దగ్గర పాత రంగు గీకితే కింద పసుపు రంగు అంకె, పదకొండు, కనిపించింది. సినిమాలో హ్యూబర్ట్ విమానం మీదా పసుపు పదకొండే. ఇంకేం కావాలి, అనుకున్నాను. ఆ సాయంత్రమే వెళ్ళి మురియెల్ గారికి చెప్పేశాను. ఆవిడ మొహం చూశాక మరి వెనక్కి ఎలా వస్తాను? నువ్వేమో టీ బల్ల దగ్గర అందరి ముందూ, "మన క్లెమెంట్‌కి అంకెలు వస్తే చాలు, విమానాలు వచ్చినట్టే" అన్నావు.

…సరే, నేను కూడా అన్నాను. అబద్ధాలకోరువని. అది గుర్తుంది.

ఎక్కడి దాకా వచ్చావు?… త్వరగా రా. మెడ పట్టేసింది.

అది కాదురా. ఆవిడకి మిగిలింది ఆ కాస్త సినిమాయేగా? షూటింగ్ అయిన చలికాలమే హ్యూబర్ట్ పోయాడు. అతను కదులుతూ కనిపించే బొమ్మ ప్రపంచంలో ఇంకోటి లేదు. అదీ జర్మనీ వాడి వేషంలో, మొహం కూడా కాదు, ఒక్క చెయ్యి. ఆవిడ అల్లిన బూడిదరంగు చేతి తొడుగు. ఊలు చాలక బొటనవేలు ఒక్కటీ ఎర్ర ఊలుతో అల్లింది. ఎన్నిసార్లు చెప్పిందో మనకి! ఇప్పుడు కళ్ళు పోతున్నాయి, ఆ బొటనవేలు కూడా కనిపించడం లేదట. "చూడలేకపోతే పోనీ క్లెమెంట్, అతను కూర్చున్న చోటు ఒకసారి ముట్టుకుంటాను" అంది. ఇప్పుడేం చెప్పను?

…ఆ?

చెప్పొద్దంటావా?

నువ్వేనా ఈ మాట అనేది? ఒక్క మరమేకు తేడాకి నన్ను నలుగురిలో కడిగేసినవాడివి! "చెప్పి తీరాలి" అని గద్దిస్తావనుకున్నాను. అలా అంటే నీ మీద కోపంతోనైనా నోరు మూసుకునేవాణ్ణి. నువ్వే వద్దంటే నేనెక్కడికి పోనురా?

ఆవిడకి కనిపించదు, నిజమే. ఎవరికీ తెలియదు, నిజమే. ఆవిడ ఈ రేకు మీద చెయ్యి పెట్టి "హ్యూబర్ట్" అంటుంది. పాస్టరు గారు కళ్ళు మూసుకుంటారు. నేను పక్కన నిలబడి ఆమెన్ అనాలి. ఈ మూతంటే నువ్వొచ్చి తీస్తావు. ఆ ఆమెన్ లోంచి నన్ను బయటికి ఎవరు లాగుతారు?

…ఊఁ.

…ఊఁ, వింటున్నాను.

ఏం తెస్తున్నావు?

ఆ కీచు బండిలోనా?

ఏ అద్దం?… మీ తోటలో కీరదోస మొలకల మీద బోర్లించి ఉండేది, అదా? ఎవరో రైతు దగ్గర తుక్కులో కొన్నది… అవును, ఏదో విమానం మూత అన్నావు. నేను చూశాను కూడా. నాచు పట్టి…

…

ఆగు. మళ్ళీ చెప్పు.

అయిదు మరమేకులా?

ఎప్పుడు?… కిందటేడు నాచు కడుగుతుంటేనా? మరి నాకెందుకు…

ఫోన్ చేశావు. అవును. చేశావు, నీ పేరు చూసి నేనే ఎత్తలేదు. రెండోసారి కూడా.

…

అదిగో, తలుపు దగ్గర నీ నీడ పడింది. కనిపిస్తున్నావు. టోపీ అదే వేసుకున్నావా ఇంకా? సిగ్గు లేదు… ఇటు, ఎడమవైపుకి రా. బండి దగ్గరగా పెట్టు. కాస్త పైకి ఎత్తి చూపించు… కుడివైపు తిప్పు.

…

ఉంది.

ఉందిరా. అచ్చం సినిమాలోలాగే. వాలుగా ఉన్న ఆ మూడో మరమేకు కూడా.

…మిగతా విమానమంతా?… ముక్కలు చేసి అమ్మేశారా. ఇదొక్కటే మిగిలిందా.

అర్థమైంది. ఆవిడ చెయ్యి దీని మీద పెట్టిద్దాం, మిగతాది చెప్పక్కర్లేదు, అదేగా నీ ఆలోచన? అబద్ధం ఆడినట్టు ఉండదు, ఆవిడ మనసూ నొప్పించినట్టు ఉండదు. నువ్వు మంచివాడివే నోరిస్. మొండివాడివి గానీ మంచివాడివే.

కానీ ఆవిడ అడుగుతుంది. చేత్తో తడిమి, "రెక్కలేవి?" అని అడుగుతుంది. చూపు లేనివాళ్ళు చుట్టూ తడుముతారురా.

నేను చెప్తాను. నేనే. రేపు కాదు, ఈ సాయంత్రమే, అందరూ లేనప్పుడు, వాళ్ళింట్లో. ఈ విమానం అతనిది కాదు, అతనిది తుక్కైపోయింది, ఇదిగో ఈ కాస్తే మిగిలింది, అని. బండి నువ్వు తోసుకురా. మాట మాత్రం నాది.

…ఏడవడం లేదు. అద్దానికి ఆవిరి పట్టింది, అంతే. నువ్వు తుడుస్తున్నది బయటివైపురా, లోపలిది ఎలా పోతుంది?

పిడి ఆ ఎర్ర గీత పక్కనే ఉంది. ఆ, అదే. పట్టుకున్నావా?… పైకి తిప్పాలి…

ఆగు! తెరవకు.

ఒక్క నిమిషం. ఉండనీ. దిగితే చెయ్యి ఇస్తావు, టీ తాగుదామంటావు, డోరతీ వస్తుంది, నేను రేపటికి వాయిదా వేస్తాను. నా సంగతి నాకు తెలుసు. ఆవిడతో మొదటి మాట ఏం అనాలో ఇక్కడే అనుకుని వస్తాను. కదలడానికి వీల్లేని చోట కూర్చుంటే గానీ ఆ మాట నాకు దొరకదు.

…ఊఁ. నువ్వు మాత్రం పిడి మీద చెయ్యి తియ్యకు. అక్కడే ఉండు.

ఫోన్ ఒళ్ళో పెట్టేస్తున్నాను.