నీళ్ళు ఆపిన వరస

పరిశోధనాలయం వెనక, ప్రయోగాల కోసం మొక్కలు పెంచే అద్దాల గది. మూడేళ్ళ కిందట పై అంతస్తులో కంప్యూటరు ముందు చదువు వదిలేసి పోయిన అమ్మాయి, ఆ మధ్యాహ్నం చేతిలో ఒక కాగితంతో తిరిగొచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఆ మొక్కల్ని కనిపెట్టుకుని ఉన్న ముసలి తోటపనివాడు కుండీలు కడుగుతూ, కాగితం కేసి చూడకుండానే తల అడ్డంగా ఊపాడు.

“సంతకం పెట్టను.”

“చదవకుండానే?”

“చదివితే పెట్టాల్సొస్తుందేమోనని భయం. ఇంకో మూడు వారాల్లో రిటైరవుతున్నాను తల్లీ. ఈ వయసులో నాకెందుకీ పితూరీలు?”

“పితూరీ కాదు బాబాయ్, నిజం. రెండే రెండు ముక్కలు రాశాను. ‘ఆ ఏడాది వేసవిలో, నీళ్ళు ఆపిన జొన్న మొక్కలకి పేనుబంక పురుగు పట్టింది. నేను కళ్ళారా చూశాను.’ అంతే.”

“పట్టిందని నీకెవరు చెప్పారు?”

“కంప్యూటరు.”

“దానికేం తెలుసు పేనుబంక సంగతి? అదెప్పుడైనా కుండీకి నీళ్ళు పోసిందా?”

“చెప్తాను, కూర్చో.”

“నిలబడే వింటాను. కూర్చుంటే మోకాళ్ళు మళ్ళీ లేవనివ్వవు.”

“ఆకుల్ని నూరి, అందులో ఉండే బుల్లిబుల్లి ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని మిషను చదువుతుంది. ఒక్కోటి ఇరవై ఒకటో, ఇరవై రెండో అక్షరాలు. అంతకు మించదు. కానీ దాని పెత్తనం చూడాలి! మొక్కలో ఏ జన్యువు పనిచెయ్యాలో, ఏది నోరు మూసుకోవాలో అదే చెప్తుంది.”

“మా పెద్దత్తలాగన్నమాట. ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టేది కాదు. ఇల్లంతా ఆవిడ కనుసన్నల్లోనే.”

“అచ్చం అంతే. కోట్ల ముక్కల్లో అలాంటి పెద్దత్తలెవరో పట్టుకునే ప్రోగ్రాం నేను రాశాను. ముక్క జొన్న జన్యువుల్లో ఎక్కడ పుట్టిందో వెతకాలి. ఆ చోటు జడపిన్నులా మడత పడుతుందో లేదో చూడాలి. పడితేనే లెక్క. రెండున్నరేళ్ళు కూర్చుంటే ముప్పై ఒకటి దొరికాయి. అందులో పందొమ్మిది నీళ్ళు ఆపిన మొక్కల్లోనే కనిపించాయి. నీళ్ళు పోసినవాటిలో లేనే లేవు. కరువుని తట్టుకునే కీలకం దొరికిందని గంతులేశాను.”

“ఆ రోజు నాకు గుర్తే. గద్ద కిందకొచ్చి నా భుజం తట్టాడు. ఆయన డైరెక్టరయ్యాక అదొక్కసారే.”

“తట్టడూ మరి! ఊరికే గద్ద అని పేరు పెట్టలేదు. నెల తిరక్కుండా కోడిపిల్లని తన్నుకుపోయినట్టు తన్నుకుపోయాడు. వ్యాసం అచ్చయింది. మొదటి పేరు ఆయన మేనల్లుడిది, చివరి పేరు ఆయనది. నేనెక్కడున్నానో తెలుసా? ఆఖర్న, కృతజ్ఞతల్లో. ప్రింటరు బాగుచేసినవాడి పక్కన.”

“నువ్వు ఏడుస్తూ మెట్లు దిగడం చూశాను.”

“ఏడవలేదు.”

“సరే, ఏడవలేదు.”

“ఏడిస్తే ఆ రోజుతో పోయేది. ఏడవలేదు కాబట్టే మూడేళ్ళుగా కడుపులో మండుతోంది. పొద్దున ట్యూషన్లు, సాయంత్రం ట్యూషన్లు. మధ్యలో ఆ పందొమ్మిదింటినీ మళ్ళీ మళ్ళీ తిరగెయ్యడం. ఎక్కడో అక్కడ తప్పు దొరక్కపోతుందా అని. నా పనిలో నేనే తప్పు వెతుక్కున్నాను బాబాయ్, వాడి కొంప ముంచడానికి. పోయిన నెల దొరికింది.”

“ఏం దొరికింది?”

“పేనుబంక పురుగు జన్యువులన్నీ ఎవరో చదివి అందరికీ అందుబాటులో పెట్టారు. నా పందొమ్మిదినీ తెచ్చి దాంతో పోల్చాను. అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి. పందొమ్మిదికి పందొమ్మిది! జొన్నలో వెతికినప్పుడు ఒక్కో అక్షరం తేడా వస్తే, మన జొన్న రకం వేరు కదా, పోనీలే అని నేనే సర్దుకున్నాను. అవి జొన్నవి కావు. పురుగువి. ఆకుతో పాటు పురుగుల్నీ నూరేశారు!”

“ఊఁ.”

“నవ్వవేం?”

“రావట్లేదు.”

“నాకు ఆగలేదు. శుక్రవారం వాడికి పతకం ఇస్తున్నారు. ‘కరువుని జయించిన శాస్త్రవేత్త’ అని గేటు దగ్గర ఎంత బొమ్మ పెట్టారో చూశావుగా! పతకం మెడలో పడకముందే ఈ కాగితం పెద్దల చేతిలో పడాలి. వాడు కరువుని జయించలేదు, పేనుని నూరాడని సభంతా పడీపడీ నవ్వాలి. నేను ముందు కుర్చీలో కూర్చుని వాడి మొహం చూడాలి. నాకింకేం వద్దు.”

“నీ దగ్గర రుజువుందిగా. మధ్యలో నా సంతకమెందుకు?”

“ఎందుకంటే, ప్రోగ్రాం రాసినదాని తప్పని నా మీదకే తోసేస్తాడు కాబట్టి. మొక్కకే పురుగు పట్టిందని చూసినవాడు చెప్పాలి. మందు కొట్టిన రిజిస్టరు తియ్యి, అందులో ఉంటుంది.”

“ఉండదు.”

“అదేం?”

“కొట్టలేదు కాబట్టి రాయలేదు.”

“పురుగు పట్టినా కొట్టలేదా?”

“ముప్పై ఏళ్ళు ఈ గదిలోకి ఈగని రానివ్వలేదమ్మా నేను. రెండు తలుపులు. మధ్యలో చెప్పులు విప్పాలి, చేతులు కడుక్కోవాలి, కోటు మార్చుకోవాలి. డైరెక్టరైనా సరే...”

“మరి పేనుబంక ఎలా వచ్చింది?”

“మంచినీళ్ళు తాగుతావా? ఎండనపడి వచ్చావు.”

“వద్దు. ఎలా వచ్చింది?”

“వేసవి కదా. గాలికొస్తుంది. నీళ్ళు లేని మొక్క నీరసంగా ఉంటుంది, అందుకని...”

“గాలికొచ్చింది గదంతా పాకాలిగా! పక్క వరస అడుగు దూరంలో ఉంది. దాంట్లో ఒక్క పురుగు ముక్క లేదు, వెతికాను. ఆ ఒక్క వరసకే ఎందుకు పట్టింది?”

“చుట్టూ దోమతెర కట్టాను. మిగతా పిల్లల మొక్కలు పాడవకూడదని.”

“పురుగు పట్టాక కట్టావా?”

“కట్టాను. ఎప్పుడో కట్టాను. గుర్తులేదు.”

“పట్టాకా, ముందా?”

“ఉండు, ఈ కుండీ కడగనీ.”

“బాబాయ్.”

“ముందు.”

“ముందే ఎందుకు కట్టావు?”

“నా జొన్న సంగతి నీకు తెలీదు.”

“నీ జొన్నేమిటి?”

“పదకొండేళ్ళు పెంచాను, వెనక మడి చివర. ప్రతి కోతకీ దాహానికి ఓర్చిన కంకులే విత్తనానికి దాచి, మిగతావి పిట్టలకి వదిలేసేవాణ్ణి. ఆఖరికి రెండు తడుల్తో పండే జొన్న తయారైంది. బుద్ధి గడ్డి తిని గద్దకి చూపించాను. ఏడాది తిరిగేసరికి అది ఆయన పేరున కొత్త వంగడమైపోయింది. ‘తోటపనివాడికి పేరెందుకురా’ అన్నాడు. నాతో అన్లేదు. మేనల్లుడితో అన్నాడు, నేను పక్కనే కుండీ మోస్తుండగా.”

“నాకెప్పుడూ చెప్పలేదే!”

“నువ్వెప్పుడు అడిగావు? నాలుగేళ్ళున్నావు పైన. ఒక్కనాడు ఈ తలుపు తీశావా? తీసుంటే కనిపించేదే. ఆకులు జిగటగా వేళ్ళకంటుకునేవి. ఆ మేనల్లుడు గుడ్డతో పైపైన తుడిచి మరీ కోసుకుపోయాడు.”

“నా దగ్గరికి ఫైలొచ్చేది. ఆకు రాలేదు.”

“అదే చెప్తున్నా.”

“అయితే... ఆ పురుగుని...”

“నేనే వదిలాను. బయట చేలోంచి ఒక్క ఆకు తెచ్చాను, అన్నం డబ్బాలో పెట్టుకుని. వారంలో వరసంతా పాకింది. గద్ద ప్రయోగం మట్టిగొట్టుకుపోవాలని రోజూ మొక్కుకున్నాను. పోలేదు. పోకపోగా పేపర్లో ఫొటో పడింది! ఛీ, చివరికి పురుగు కూడా వాడికే ఊడిగం చేసిందే అని తల బాదుకున్నాను. ఇవాళ నువ్వు చెప్తుంటే ప్రాణం లేచొచ్చింది తల్లీ. లేటైనా కుట్టింది, గట్టిగా కుట్టింది! నోరు విప్పాక ఇంకేం భయం? ఇటివ్వు కాగితం. సంతకమేం ఖర్మ, వేలిముద్ర కూడా వేస్తాను.”

“ఆ వరస ఎవరిదనుకున్నావు?”

“గద్దది. ఇంకెవరిది? ప్రతి కుండీకీ ఆయన పేరుతో చీటీ వేలాడుతుంటే!”

“ఆ మొక్కలు నావి.”

“నీవా?”

“ఏ విత్తనం వెయ్యాలో నేను ఎంచాను. ఎన్ని రోజులు నీళ్ళు ఆపాలో నేను రాసిచ్చాను. నా డిగ్రీ మొత్తం ఆ ఒక్క వరస మీదే ఉంది. చీటీలు మాత్రం ఆయన పేరున కట్టించాడు.”

“నాకేం తెలుసు తల్లీ? నీవని ఒక్కరు, ఒక్కరు చెప్పినా...”

“పోయిన నెలనుంచి తప్పు నాదే అనుకుంటున్నాను. ఆ ఒక్క అక్షరం దగ్గర సర్దుకోకుండా ఉండాల్సిందని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. వాడు దొంగిలించింది నా పేరు. అది మళ్ళీ తెచ్చుకుందును. పనే లేకుండా చేసింది మీరు.”

“మీరంటావేమిటి? నేను... నీ బాబాయ్ని.”

“ఉండండి. కాగితం అప్పుడే ఇవ్వను.”

“సంతకం పెడతానంటున్నాగా!”

“పెడుదురుగాని. ముందు మీ పూర్తి పేరు చెప్పండి. నాలుగేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. దీనిమీద గద్ద పేరు పక్కన రాయాలి.”