ఎడమ పక్క ఎరుపు

హోసూరులో ఒక వంటింటి టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. కృష్ణగిరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలోని పెద్ద ఫ్యాను శబ్దం తెర మీద రంగులుగా మెల్లగా జరుగుతోంది. దాని ముందు మొగుడూ పెళ్లామూ కూర్చున్నారు.

“మీయమ్మ దీన్ని సీరియల్ అనుకోని అరగంట చూసినారండీ. మాటలెప్పుడొస్తాయని నన్నడిగినారు.”

“ఇది శబ్దానికి బొమ్మ. నీలమంటే మెల్లగ, ఎరుపంటే గట్టిగ. కంప్యూటర్లో డబ్బాల బొమ్మలకు వైర్లు గీసి కలిపి ఈ ప్రోగ్రాం నేనే చేసినాను. ఎడమ పక్క ఎరుపు పాతది, కుడి పక్క నీలం ఇప్పటిది, చూడు. ఫ్యాను అరుపు తగ్గిపోయింది. మూత తీసి గ్రీజు పెట్టమని ఆ ఫ్యాక్టరీలో ఉండే మీ తమ్మునికి ఫోన్లో చెప్పినాను.”

“తిరిగే ఫ్యానుకా?”

“తగ్గింది కదా, భయం లేదు.”

“బొమ్మ కుడికి జరగతా ఉంది. అంటే కొత్తది ఎడమ నుంచి వస్తా ఉంది కదండీ?”

“నువ్వు చదివింది బీకాం.”

“సరే, వాణ్ని ఆ ఫ్యాను కాడుండే మైకు మీద ఒక్కసారి తట్టమనండి.”

“గిరీష్, లైన్లో ఉన్నావా? మైకు మీద తట్టప్పా.”

“తట్టిన దానికి తెర మీద గీత యాడొచ్చిందండీ?”

“…ఎడమ పక్క.”

“అయితే ఎరుపే ఇప్పటిది! అరుపు పెరగతా ఉంది! వాణ్ని ఆడనుంచి పొమ్మనండి!”

“గిరీష్! మూత ముట్టొద్దు! బయటికి పరుగెత్తు! …గిరీష్?”

“ఏమంటాడు?”

“ఏదో పగిలిన శబ్దం. మాట లేదు.”

“ఇంకోసారి పిలవండి! పిలవండీ!”

“గిరీష్! …ఆ, చెప్పప్పా! బయటున్నావా? దెబ్బలేం లేవు కదా? …రెక్క విరిగి మూత చీల్చుకోని వచ్చిందంట.”

“ముందు నీళ్లు తాగండి.”

“నువ్వూ తాగు. ప్రోగ్రాంలో వైరు తిప్పి కలిపి బొమ్మను వెనక్కి నడిపింది నేనే. తప్పు నాదే.”