ఆయుధ పూజ నూనె

ధర్మపురిలో హరూర్ రోడ్డు పక్కన ఒక షెడ్డు. తెరిచిన బానెట్‌కి అటు మెకానిక్కు, ఇటు కారు తెచ్చిన కుర్రాడు.

“తొప్పూరు ఘాట్‌లో ఇంజన్ అరుస్తుంది, బండి ఎక్కదు. వెనక లారీలోళ్లు నన్ను తిట్టినారు. స్పీడు కోసరం ఇంజన్‌కి చిప్ వేసి, పెద్ద చక్రాలు తగిలించి నువ్వే చెడిపినావన్నా.”

“అవి వేసి ఏడాదైంది. పోయిన నెల దాకా బాగానే తోలినావు కదా. గేర్ పట్టకుండా జారతా ఉంది. గేర్ డబ్బాలోంచి తీసిన ఈ కడ్డీకున్న ఆయిల్ వాసన చూడు.”

“మాడిన వాసన.”

“వేళ్లతో రుద్దు. ఇంత చిక్కగా ఉండేది ట్రాక్టర్ ఆయిల్. ఆటోమేటిక్ గేర్‌కి పలచంది పోయాల. ఎవడు పోసినాడు?”

“నీ షెడ్డులో తప్ప నా బండిని ఎవరూ ముట్టలేదు. నీ తప్పు నా మీదికి తొయ్యొద్దు.”

“గొంతు తగ్గించు తంబీ. పోయిన నెల ఆయుధ పూజకి బండి యాడుండింది?”

“మా ఊరు ఇండూరులో, తాత దగ్గర. ఆయనే కడిగి గంధం పెట్టినాడు. ట్రాక్టర్‌కి ఆయిల్ మార్చి…”

“మార్చి?”

“పండగ పూట దీన్ని మాత్రం పస్తు పెట్టేదా, దీనికీ కొంచెం పోస్తానన్నాడు. నేను ఫోన్ చూసుకుంటా సరే అన్నాను.”

“అట్లైతే పోయి ఆయన మీద ఎగురు, నా మీద ఎగిరినట్టు.”

“తెలిస్తే ఇంక ఏ బండినీ ముట్టడన్నా. ఇదో, బండి సంగతి అడిగేదానికి ఆయనే ఫోన్ చేస్తా ఉండాడు. ఏం చెప్పేది?”

“నేను చెడిపినానని చెప్పు. ఇందాక తిట్టినావే, ఆయన వినేటట్టు నన్ను అట్లే తిట్టు. మెల్లగా చెప్తే నమ్మడు.”