జర్నల్లో పడిన మోతాదు

ల్యాబ్ తలుపు మూసి, పరిశోధక విద్యార్థిని తన గైడ్ ముందు నిలబడింది.

"మేడమ్, వ్యాసం పంపమని వాళ్లంతట వాళ్లే మెయిల్ పెట్టిన జర్నల్‌కి పంపేశాను. ఎవరూ సరిచూడకుండానే మూడు రోజుల్లో వేసేశారు."

"వేస్తే ఏమైంది?"

"మందు మోతాదులో నేను పాయింటు పెట్టడం మర్చిపోయాను. పదింతలు పడింది. తీసేయమంటే వాళ్లు ఉలకరు, పలకరు."

"కంగారు పడకు. అలాంటివి ఎవరు చదువుతారు?"

"పిల్లల ఆసుపత్రి డాక్టరుగారు చదివారు. ఇప్పుడే మెయిల్ చేశారు. ఈ పూటే ఒక పాపకి మొదలుపెడుతున్నారట."

"ఆయనకి ఫోన్ చెయ్యకుండా ఇక్కడికొచ్చావా?"

"తప్పు నాదంటే నా పీహెచ్‌డీ పోతుందేమో మేడమ్."

"నంబరు చెప్పు. నేను కలుపుతాను, నువ్వే మాట్లాడు."

"డాక్టరుగారూ, ఆ మోతాదు తప్పండీ! రాసింది నేనే."

"సిస్టర్, ఆపండి!" అని అవతల ఆయన అరవడం ఇద్దరికీ వినిపించింది.