సరంగు లుంగీలో కామాక్షమ్మ

బోగోలు దగ్గర చేపల రేవు. షుగరోళ్లకు మాటలాడే మందుల పెట్టెలిచ్చే గది. బల్లకు అటు షాహనా, ఇటు పోలేరయ్య, మధ్యలో ఒక పెట్టె.

“దీని నోరు మూయించు తల్లీ. నేనడిగేది అంతే.”

“ముందు కూర్చో పోలేరయ్యన్నా. ఏమైంది మళ్లీ?”

“కూర్చునేదానికి రాలా. మాత్రలుండనీ, టైముకు మోగనీ. నిన్న పడవలో పరువు తీసిన ఆ గొంతు మాత్రం పీకెయ్.”

“గొంతు లేకపోతే నువ్వు మాత్ర మింగవు. పోయినసారి నీ షుగరు ఎంతుండిందో చెప్పమంటావా?”

“చెప్పబాక, చెప్పబాక.”

“పడవలో ఇంకా ఎవురికీ చెప్పలా నువ్వు?”

“నాకేమన్నా పిచ్చా? చిన్నపోలయ్యను చూళ్లా? ఒక్కసారి షుగరుతో కళ్లు తిరిగి వల మీద పడినాడు. ‘రోగిష్టోడు నా పడవకొద్దు’ అని పడవ నడిపే సరంగు తిమోతి ఆ పొద్దే దించేసినాడు. అంత పనోడు ఇప్పుడు ఒడ్డున కూర్చోని ఊరోళ్ల చినిగిన వలలు కుట్టుకుంటుండాడు. నన్నూ ఆ పక్కన కూర్చోమంటావా?”

“అట్టాంటప్పుడు పెట్టెను పడవలోకి ఎందుకు తీసకపొయ్యినావన్నా?”

“నువ్వే గదమ్మా నడుముకు కట్టుకో, విప్పబాకన్నావు! సరే, నన్నొక మాట అడగనీ. దీంట్లో గొంతెవురిది?”

“అదా... అది...”

“నీళ్లు నమలబాక. ఎవురిది?”

“కామాక్షక్కది.”

“నా పెళ్లాందే! జిల్లాలో ఇంకో ఆడది దొరకలా మీకు?”

“ఊళ్లో అందరినీ అడిగే చేసినామన్నా. పెట్టె ఎట్టుండాల, ఎవురు చెప్తే వింటారు అని.”

“అందరినీ అంటే ఎవురిని? మేము సముద్రంలో ఉండేటప్పుడు వచ్చి ఆడోళ్లనడిగి పోయినారు. మింగేది మేము, అడిగేది వాళ్లనా?”

“వాళ్లు చెప్పింది తప్పా? కామాక్షక్క గొంతైతే చచ్చినోడు గూడా లేచి మింగుతాడని చెప్పినారు.”

“ఎవురు చెప్పినారు?”

“కామాక్షక్కే. మిగతా వాళ్లు అవునన్నారు.”

“ఓరి దేవుడా! నేను సముద్రంలోకి పోయేదే ఆ గొంతు వినకుండా ఉండేదానికి తల్లీ. నిన్న నడి సముద్రంలో వల లాగుతుండాం. ఉన్నట్టుండి నా నడుములోంచి, ‘మామా! మాత్ర మింగినావా లేదా? మింగకపోతే కూడు లేదు, చెప్తుండా!’ అని.”

“నవ్వొస్తా ఉందన్నా, ఏమనుకోబాక.”

“నవ్వు, నీకేం! పెట్టెకు తువ్వాలు చుట్టి, దాని మీద కూర్చున్నా.”

“ఆగిందా?”

“దానెక్క ఆగేదా? నా కింద కూర్చోని నన్నే తిడతా ఉంది.”

“పడవలో వాళ్లు పడీపడీ నవ్వుంటారు.”

“నవ్వలా. అదే గదా! గణేష్‌గాడు నేను తుమ్మినా నవ్వుతాడు. వాడు గూడా నవ్వలా. ఒకసారి నన్ను చూస్తాడు, ఒకసారి అటు చూస్తాడు.”

“అటంటే ఎటు?”

“చెప్పనీవమ్మా!”

“సరంగు విన్నాడా?”

“విన్నాడు.”

“అల్లా! పడవ దిగమన్నాడా?”

“కాసిని నీళ్లుంటే ఇయ్యి తల్లీ.”

“నీళ్లు తర్వాత. దిగమన్నాడా, లేదా?”

“నేను కిందికి చెయ్యి పెట్టి మీట నొక్కినా. నా పెట్టె ఆగింది. గొంతు ఆగలా. ‘మామా! మాత్ర మింగినావా లేదా?’ అంటానే ఉంది.”

“చెడిపోయిందేమో. ఇటియ్యి, చూస్తా.”

“ఉండు. నేనూ అట్టనే అనుకోని మళ్లీ నొక్కినా. నొక్కి, తలెత్తి చూద్దును గదా, గొంతు ఇంజను కాడ్నుంచి వస్తుండాది. ఇంజను కాడ ఉండేది సరంగొక్కడే.”

“అంటే... ఆయనకు గూడా?”

“లుంగీ పట్టుకోని గింజుకుంటుండాడు మనిషి! నా పెళ్లాం ఆయన లుంగీలోంచి ‘మామా, మామా’ అంటుంటే నేను ఎవురి మొహం చూడాల తల్లీ, నువ్వే చెప్పు?”

“తిమోతన్న నా దగ్గరికి ఒక్కసారి గూడా రాలేదే!”

“ఈడికెందుకొస్తాడు? ఊళ్లో తెలిస్తే సరంగు పోస్టు పోదూ? గుట్టుగా గూడూరు పొయ్యి తెచ్చుకున్నాడంట. ఆడ ఇచ్చేదీ ఇదే గొంతుండే మీ పెట్టెలే గదా.”

“ఏమన్నాడు మరి?”

“లుంగీలోంచి పెట్టె తీసి, మీట నొక్కి ఆపినాడు. తర్వాత, ‘పోలేరయ్యా, ఆ నీళ్ల క్యాను ఇటియ్యి’ అన్నాడు. ఆయనా మింగినాడు, నేనూ మింగినా.”

“బతికినావన్నా! ఇంక నీ పడవ పనికేం భయం లేదు. ఇటియ్యి, నీ పెట్టెలో గొంతు మార్చేస్తా.”

“నా పెట్టెకేమైంది? నాది నా నడుముకే ఉండాది, చూడు. అది తిట్టకపోతే నాకు మాత్ర దిగదు. ఈ బల్ల మీదుండేది సరంగుది. దీంట్లో ఆయన పెళ్లాం గొంతు పెట్టియ్యి.”

“ఆయన పెట్టెకు నిన్ను పంపేదేంది? ఆయనే రావచ్చు గదా, ఇంకా సిగ్గేనా?”

“సిగ్గు కాదులే తల్లీ. పొద్దున్నుంచి చిన్నపోలయ్య ఇంటి ముందు నిలబడుండాడు, మళ్లీ పడవెక్కరా అని. వాడింకా తలుపు తియ్యలా.”