మినోరి పెట్టిన రికార్డరు

ఒసాకాలో పాత యానిమే బొమ్మల కథల డిస్కులమ్మే నా దుకాణానికి ప్రతి సోమవారం ఒక పెద్దాయన వస్తాడు. ఏమీ కొనడు. టీవీలో వచ్చే దీపస్తంభం పిల్ల కథని తిట్టి వెళ్తాడు.

"నిన్నటిది కూడా బాగాలేదయ్యా. ఆ పిల్ల ఊరికే సముద్రంకేసి చూస్తుంది, అంతే."

"నచ్చనిది చూడటం ఎందుకు పెద్దాయనా? నా అరల్లో ఇన్నున్నాయి, ఒకటి కొనండి."

"నీ బేరం నువ్వు మానవు. అది మా అమ్మాయి మినోరి టీవీ రికార్డరులో పెట్టిన కథ. ప్రతి ఆదివారం దానంతట అదే అందులోకి ఎక్కుతుంది."

"అయితే మీ అమ్మాయినే చూడనివ్వండి."

"చూపిస్తున్నానుగా. పొద్దున్నే ఫొటో ముందు అన్నం పెట్టి, తర్వాత ఇది వేస్తాను. మొన్న వానల్లో పోయిందయ్యా."

"నాకు తెలీదు. ఇన్నాళ్లూ మిమ్మల్ని ఆటపట్టించాను."

"దానికేంలే. వచ్చే ఆదివారం ఆఖరి భాగమట. ఆ తర్వాత రికార్డరులో ఏం ఎక్కుతుంది?"

"ఏమీ ఎక్కదు. వసంతంలో కొత్త కథ వస్తే మళ్లీ పెట్టుకోవాలి."

"నేను పెడితే అది నేను పెట్టినదవుతుంది."

"అయితే ఆఖరిది వేయకుండా దాచుకోండి. సీలు విప్పని సరుకుకి మా దగ్గర ఎప్పుడూ విలువ తగ్గదు."

"నేనూ అదే అనుకున్నాను. కానీ మినోరికి ఓపిక తక్కువ. చిన్నప్పుడు ఏ పుస్తకమిచ్చినా ముందు చివరి పేజీ చదివేసేది. దాస్తే ఊరుకోదు, వేసేస్తాను."

"మంచిది. ఆ సోమవారం కూడా వస్తారుగా?"

"వచ్చి ఏం చెప్పను? కథే అయిపోతుంది."

"నచ్చలేదని చెప్పండి. టీ పెట్టి ఉంచుతాను."