పదకొండు వందల మైళ్ళూ, రెండు ఫర్లాంగులూ

హలో… ఆ, నేనేరా కిష్టా, మీ అన్న కుప్పుస్వామిని… తిరుపతి పోస్టాఫీసు నుంచి. పొద్దున్నుంచీ కాచుకోనుంటే ఇప్పుడు దొరికింది లైను.

గట్టిగా మాట్లాడు… ఆ, ఇప్పుడు వినబడతాండాది.

చేరినాను, చేరినాను. నువ్వు లెక్కేసినట్టే… ఢిల్లీలో తెల్లారుజామున విమానమెక్కితే మధ్యాహ్నానికంతా మద్రాసులో దింపేసినారు. పదకొండు వందల మైళ్ళు, ఎనిమిది గంటలు! రాత్రి రైలు పట్టుకొని, నిన్న పొద్దున ఆరుకు తిరుపతిలో దిగినా.

మందా… భద్రంగా ఉండాది. నువ్వు ఢిల్లీలో వెదికి తెచ్చిచ్చిన ఆరు సీసాలూ. మూత కూడా తియ్యలేదు.

…లేదురా. సూది వెయ్యలేదు.

కిష్టా… పంకజం లేదురా. నా బిడ్డ పోయింది. నిన్న మధ్యాహ్నం రెండుకు.

…

ఏడవొద్దు. విను… నువ్వొచ్చి చేసేదేముండాది? సాయంత్రమే పూడ్చేసినాము.

అవును, నిన్న పగలు పన్నెండు లోపల సూది పడాలనే డాక్టరు చెప్పింది. మెదడు జ్వరం ఆగదన్నాడు. పాపం, మనింట్లోనే కూర్చోనుండె, నా కోసరం… విమానం ఆలస్యం కాలేదురా! వాళ్ళనేమీ అనొద్దు. ఆరు గంటలు మిగిలించి ఇచ్చినావు నువ్వు. నేనే…

నాగపూరు దాటినాక విమానం ఒక్కసారిగా కిందికి పడింది. మేఘాల్లో ఏమీ కనబడలా. నేను పోతే మందు పోతాది, మందు పోతే బిడ్డ పోతాది అనుకొని… మొక్కుకున్నా. స్వామీ, నేల మీదికి దింపు, ఇంటి గడప తొక్కకముందే నడిచి కొండెక్కి, తలనీలాలిచ్చి, ఈ మందు నీకు చూపించి తీసకపోతానని.

…పంపించొచ్చు. స్టేషన్లో మునెయ్య జట్కా ఉండె. వాని చేతికిచ్చినా సరిపోయుండు. కానీ మందు చూపిస్తానని కదరా మొక్కింది! మొక్కు తప్పితే ఆ దెబ్బ బిడ్డకే తగులుతాదని భయపడినా.

బస్సా? నడిచి వస్తానంటి గదా… ఏడు మైళ్ళే, పదకొండుకంతా దిగొచ్చేస్తాననుకున్నా. పైకి పోయేతలికి గుడి తలుపులేసినారు, నైవేద్యమని. మందు పెట్టె ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నా. ఒంటిగంటకు తీసినారు… దిగేటప్పుడు బస్సే ఎక్కినా, అయినా ఇల్లు చేరేతలికి రెండు దాటిపోయింది.

మీ వదినా?… విమానం ఆలస్యమైందని చెప్దామనుకున్నా. ఘాటు రోడ్డంతా అదే మాట నోట్లో పెట్టుకొని వచ్చినా. గడపలో నిలబడితే… నా గుండు చూసింది. గంధం కూడా ఇంకా ఆరలా.

…తిట్టలేదురా. తిట్టుంటే బాగుండు. ఒకటే అడిగింది… స్టేషను నుంచి మనిల్లు ఎంత దూరమని.

ఏం చెప్పేది కిష్టా? రెండు ఫర్లాంగులు.

ఆ… ఏమండీ, ఆపరేటరు గారా? మూడు నిమిషాలైపోయినాయా?

…వద్దు. ఇంక పొడిగించొద్దు, సామీ. పెట్టేస్తాండా.